మా వార్త తిరిగొచ్చింది, తెచ్చినవారికి కృతజ్ఞతలు

ప్రీ లాంచ్ ఆఫర్ల పేరుతో ప్లాట్లు అమ్మిన తీరుపై మేము వేసిన కథనం సోమవారం నుంచి మళ్లీ చదువుకోవడానికి దొరుకుతోంది. మా సైటులో ఉంది, గూగుల్‌లో వెతికినా వస్తోంది. ఇందుకు కారణమైనవారిలో సగం మందిని నేను ముఖాముఖి చూడనే లేదు. పేర్లు వద్దన్నారు. కాబట్టి ఎవరు ఏం చేశారో మాత్రం రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక వెంచర్. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, ఇచ్చే నంబరు రాకముందే బుకింగులు మొదలుపెట్టారు. 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం అంత పెద్ద వెంచర్‌కు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, డబ్బు తీసుకోవడం తర్వాతి మాట. కొన్నవాళ్ల రసీదులు చూసి, సంస్థను వివరణ అడిగి, జవాబు రాకపోతే ఆ మాటా రాసి వార్త వేశాం. బెదిరింపు ఫోన్లు వస్తాయనుకున్నాం. పరువు నష్టం నోటీసు వస్తుందనుకున్నాం. అవేవీ రాలేదు. మా సర్వర్ కంపెనీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది: ఈ వ్యాసం మరొకరిదని కాపీరైట్ ఫిర్యాదు అందింది, తీసేయండి, లేదంటే సైటు మొత్తం ఆపేస్తాం.

ఆ మరొకరు ఎవరా అని చూస్తే, ఎన్నడూ పేరు వినని ఒక సైటు. అందులో మా వ్యాసమే ఉంది, అక్షరం పొల్లుపోకుండా, మా ఫొటోలతో సహా. మేము వేసింది అక్టోబరులో. అక్కడి తేదీ జులై. దొంగే ‘దొంగ, దొంగ’ అని అరిచినట్టు.

మొదటి నమస్కారం మా ఊరి ఫ్లెక్సీ షాపు యజమానికి. మా గోడు వాట్సాప్‌లో చదివి ఆయనే ఫోన్ చేశారు. “అన్నా, మీ ఫొటోలో గేటు పక్కన ఉన్న ఫ్లెక్సీ మా షాపులో వేసిందే. జులైలో దసరా ఫ్లెక్సీ ఎవరు వేయించుకుంటారు?” అన్నారు. మేమెవరమూ గమనించలేదు. హద్దు రాళ్లు, గేటు, ఆఫీసు బోర్డు చూశాం గానీ, వెనకాల ఒక నాయకుడు చేతులు జోడించి బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు చెబుతున్న బ్యానర్‌ను చూడలేదు. అందులో సంవత్సరం కూడా స్పష్టంగా ఉంది. ఆయన సెప్టెంబరు నాటి బిల్లు నకలు, డిజైన్ ఫైలు ఇచ్చారు. ఆ నాయకుడు రేపు ఆర్డర్ ఇవ్వకపోవచ్చని తెలిసే ఇచ్చారు. లక్షలు పోసి తవ్వించినా దొరకని సాక్ష్యం అది.

హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒక పాఠకుడు రెండో పని చేశారు. ఆ సైటు పేరు నమోదైనదే నవంబరులో అని రికార్డులు తీసి చూపించారు. పుట్టని సైటు జులైలో వ్యాసం ఎలా రాసింది? గూగుల్ తనకు అందిన తొలగింపు విజ్ఞప్తుల నకళ్లను లూమెన్ అనే భాండాగారానికి పంపుతుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ భాండాగారంలో మా మీద గూగుల్‌కు పెట్టిన ఫిర్యాదును వెతికి పట్టిందీ ఆయనే.

మూడో సాయం న్యూజెర్సీ నుంచి. మా సర్వర్ అమెరికాది, కాబట్టి వర్తించేది 1998 నాటి వాళ్ల కాపీరైట్ చట్టం. దాని ప్రకారం ఫిర్యాదు రాగానే వ్యాసం దిగిపోతుంది. తిరిగి ఎక్కాలంటే ఆ ఫిర్యాదు తప్పని మేము కౌంటర్ నోటీసు ఇవ్వాలి. అబద్ధమైతే శిక్షకు సిద్ధమని, అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టాలి. మా పేరు, చిరునామా, ఫోన్ నంబరు అవతలివాళ్ల చేతికి వెళ్తాయి. ఆ తర్వాత కూడా పది నుంచి పద్నాలుగు పనిదినాలు ఆగాలి. తెనాలి నుంచి వెళ్లి అక్కడ వకీలుగా స్థిరపడిన ఒక అక్క రాత్రివేళల్లో మాతో కూర్చుని ఆ నోటీసు రాసిపెట్టారు. ఫీజు మాట ఎత్తితే కోప్పడ్డారు. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది: ఫిర్యాదుదారు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తీసేసినదాన్ని తిరిగి పెట్టుకోవచ్చు. రెండు చోట్లా దించడం చిటికెలో పని, ఎక్కించడానికి తిథి, వారం, నక్షత్రం చూడాలి.

ఇది మా ఒక్కరికే పట్టిన శని అనుకున్నాను. కాదట. బెంగళూరులో 2017 సెప్టెంబరు 5న తన ఇంటి ముందే హత్యకు గురైన పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ అబద్ధపు వార్తలు తయారయ్యే తీరుపై పరిశోధిస్తుండేవారు. ఆ పనిని కొనసాగించిన అంతర్జాతీయ పాత్రికేయ బృందం 2023 ఫిబ్రవరిలో ఎలిమినాలియా అనే స్పెయిన్ సంస్థ పత్రాలను బయటపెట్టింది. డబ్బిచ్చినవాళ్ల కోసం పాత తేదీలతో నకిలీ వ్యాసాలు సృష్టించి, కాపీరైట్ పేరుతో అసలు వార్తలను తీయించడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. మా ఊరి దాకా వచ్చిందంటే ఆ విద్య బాగా చవకైనట్టే. 1978 చట్టం కింద ఉన్న ప్రెస్ కౌన్సిల్ పరిధి అచ్చు పత్రికలకు, వార్తా ఏజెన్సీలకే. మాలాంటి వెబ్ పత్రికకు ఆ తలుపు తట్టే వీలు లేదు.

అందుకే మాకు పోటీగా ఉండే దినపత్రిక విలేకరికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మా వార్త మాయమైన సంగతిని తన పేజీలో వేశారు. ముందుగా మేమే రాశామని కూడా రాశారు. ఈ వృత్తిలో అది ఎంత అరుదో తోటివారికి తెలుసు. వ్యాసాన్ని పీడీఎఫ్‌గా దాచి గ్రూపుల్లో పంచినవారికి, సర్వర్ మార్చడానికి చందాలు ఇచ్చినవారికి దండాలు. “ఎందుకొచ్చిన గొడవ, తీసేయరాదా” అని సలహా ఇచ్చిన పెద్దలకూ, మా పట్టుదల పెంచినందుకు.

వార్త కనిపించని రోజుల్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఆ వెంచర్‌లో అడ్వాన్సు కట్టారు. “కంపెనీ పేరు కొట్టి చూశాను నాయనా, ప్రకటనలు తప్ప ఏమీ రాలేదు, మంచివాళ్లే అనుకున్నాను” అన్నారు. ఆమె డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. అయినా భయపడకుండా తన రసీదు మాకు ఇచ్చారు. ఆమె అనుమతితో, పేరు కనిపించకుండా, ఆదివారం రాబోయే రెండో భాగంలో వేస్తున్నాం. అలాంటి రసీదు మీ దగ్గర ఉంటే అంతకుముందే మా ఆఫీసుకు తీసుకురండి.