పచ్చ టిక్కు పడిన బ్యాకప్ రీస్టోర్ కాలేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో రీస్టోర్ లోపాలు, లైసెన్సు సొమ్ము వాపసు

అయ్యా,

మీ సాఫ్ట్‌వేర్‌తో ఇంటి కంప్యూటర్‌కి ప్రతి ఆదివారం పూర్తి డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు ఫైలు) తీయడం జరుగుతోంది. ప్రతిసారీ పచ్చ టిక్కు పడింది, వెరిఫై కూడా పాసైంది. తీరా 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పాడయ్యాక ఆ టిక్కు ఎందుకూ కొరగాలేదు.

మీ రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే బ్యాకప్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ కనబడింది. కొత్తగా బిగించిన ఎస్‌ఎస్‌డీ మాత్రం జాబితాలోనే లేదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా కంప్యూటర్లకు బయోస్‌లో వీఎండీ (ఎస్‌ఎస్‌డీలను చూసుకునే ఇంటెల్ కంట్రోలర్) ఆన్ చేసే వస్తోంది. అప్పుడు ఎస్‌ఎస్‌డీ దాని వెనక ఉంటుంది, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్ లేనిదే కనబడదు. మీ పెన్‌డ్రైవ్‌లోని విండోస్ పీఈలో (మరమ్మతులకు వాడే చిన్న విండోస్) ఆ డ్రైవర్ లేదు.

ఫోన్ చేస్తే మీ సపోర్ట్‌వారు "వీఎండీ ఆఫ్ చేసేయండి" అన్నారు. చేస్తే డిస్క్ కనబడుతుంది, నిజమే. కానీ ఇమేజ్‌లోని విండోస్ వీఎండీ డ్రైవర్‌తో బూట్ అయ్యేది. రీస్టోర్ అయ్యాక వీఎండీ ఆఫ్‌లోనే ఉంచి కంప్యూటర్ ఆన్ చేస్తే నీలం తెర మీద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఆగిపోతుంది. అసలు చెప్పాల్సింది ఇది: ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ని విప్పి ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రెస్క్యూ తెరలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డ్రైవర్‌ని ఎక్కించే డీఆర్‌వీలోడ్ (drvload) కమాండ్‌కి ఐఏస్టోర్‌వీడీ డాట్ ఐఎన్‌ఎఫ్ (iaStorVD.inf) ఫైలు ఎక్కడుందో ఇవ్వాలి. నిమిషం పట్టదు.

డిస్క్ కనబడ్డాక ఇంకో పేచీ. కొత్తది 500 జీబీది. విండోస్ లెక్కలో పాతది 476, ఇది 465. సీ డ్రైవ్‌లో వాడింది 180 జీబీయే అయినా "డిస్క్ చిన్నది" అని మొరాయించింది. రికవరీ పార్టిషన్ (విండోస్ మరమ్మతు కోసం ఉంచిన భాగం) పాత డిస్క్ చివర ఉంది; మీ ప్రోగ్రాం దాన్ని ముందుకు జరపకుండా అదే చోట పెట్టాలని చూస్తోంది. సీ ఒక్కటే ఎంచుకుంటే మాత్రం సైజు తగ్గించి చక్కగా దింపింది! చేతకాక కాదన్నమాట. డిస్క్‌పార్ట్ కమాండ్‌తో డిస్క్‌ని జీపీటీ పద్ధతిలోకి మార్చి, బూట్‌కి కావాల్సిన 100 ఎంబీ ఈఎఫ్‌ఐ, విండోస్ తన కోసం ఉంచుకునే 16 ఎంబీ ఎంఎస్‌ఆర్ పార్టిషన్లు చేత్తో వేసి, సీ దింపి, చివర బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్ నడిపితేనే విండోస్ లేచింది. ఇది కొనుక్కున్నవాళ్లు చేసుకోవాల్సిన పని కాదు.

రెస్క్యూ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడే నడుస్తున్న విండోస్ నుంచి స్టోరేజ్ డ్రైవర్ దానిలోకి కాపీ కావాలి. మీ వెరిఫై ఇమేజ్ ఫైలు చెడలేదనే చూస్తోంది, ఆ పెన్‌డ్రైవ్‌కి డిస్క్ కనబడుతుందో లేదో చూడదు. ఈ సంగతి టిక్కు పక్కనే రాయండి. పూర్తి డిస్క్ రీస్టోర్‌లోనూ పార్టిషన్లు జరిపే వీలు ఇవ్వండి.

బిల్లు, లాగ్ ఫైలు, రెండు ఎర్రర్ తెరల ఫోటోలు జతచేశాం. 15 రోజుల్లో ఈ ఏడాది లైసెన్సు సొమ్ము వాపసు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదవుతుంది.

ఇట్లు,
మీ లైసెన్సుదారులు