చియాంగ్ మాయ్ గెలుపును అద్భుతం అనకండి

సంపాదకులకు నమస్కారం.

ఈ నెల (2025 జూలై) 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో, ఆసియా కప్ అర్హత పోటీలో, మన మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య జట్టును 2-1తో ఓడించిన వార్త మర్నాడు ఆదివారం మీ క్రీడల పేజీ అడుగున, ఒకే కాలమ్‌లో, ఫొటో లేకుండా వచ్చింది. ఆ తర్వాతైనా ఎవరో ఒకరు వివరంగా రాస్తారని పది రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆ రోజు పేజీ అంతా శుభ్‌మన్ గిల్‌దే. ఎడ్జ్‌బాస్టన్‌లో ఒకే టెస్టులో 269, 161 పరుగులు చేసిన బ్యాటర్‌కు చోటు ఇవ్వవద్దని ఎవరూ అనరు. ఆ ఇన్నింగ్స్ నేనూ కళ్లప్పగించి చూశాను. నా బాధ స్థలం గురించి కాదు, ఆ ఉన్న నాలుగు వాక్యాలు రాసిన తీరు గురించి. అమ్మాయిలు అద్భుతం చేశారట, అదృష్టం కలిసి వచ్చిందట. ఆట చూసిన మనిషి రాసిన వాక్యం అందులో ఒక్కటీ లేదు.

నేను చూశాను. టీవీలో ఎంత వెతికినా నాకు దొరకలేదు. చివరికి మా మనవడు ఫోనులో పెట్టి ఇచ్చాడు. బొమ్మ మధ్య మధ్యలో నిలిచిపోయేది. అయినా ఆట ముగిసేదాకా కుర్చీలోంచి లేవలేదు. ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేసిన వాణ్ని, ఏది అదృష్టమో ఏది ఆటో చెప్పగలను.

ఆ మ్యాచ్‌కు ముందు లెక్క ఎలా ఉందో చూడండి. రెండు జట్లూ మూడేసి మ్యాచ్‌లు గెలిచాయి. రెండూ సరిగ్గా 22 గోల్స్ చొప్పున కొట్టాయి, ఒక్క గోలూ ఇవ్వలేదు. గ్రూపులో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకే ఆసియా కప్ టికెట్, రెండో స్థానానికి ఏమీ లేదు. మంగోలియాపై సాధించిన 13-0కు నేను పెద్ద విలువ ఇవ్వను, ఆ జట్టుకూ మనకూ అంత తేడా ఉంది. అసలు పరీక్ష థాయ్‌లాండే. ర్యాంకుల్లో వాళ్లది 46, మనది 70. 2015లో, 2019లో ప్రపంచకప్ ఆడిన జట్టు. పైగా వాళ్ల నేల, వాళ్ల ప్రేక్షకులు.

29వ నిమిషంలో సంగీతా బస్ఫోర్ దూరం నుంచి కొట్టింది, బంతి వలలో పడింది. అలాంటి షాట్ కొట్టాలంటే కాలిలో బలం ఒక్కటే చాలదు. పక్కన పాస్ అడుగుతున్న వాళ్లు ఉంటారు, తప్పితే తిట్టే వాళ్లు ఉంటారు. వాళ్లందరినీ పక్కన పెట్టి, ఇది నేనే కొట్టాలి అని ఆ క్షణంలో తేల్చుకోవాలి. మన ఆటగాళ్లలో, మగవాళ్లలో కూడా, ఆ తెగువ చూసి చాలా కాలమైంది.

విరామం నుంచి వచ్చీ రాగానే, 47వ నిమిషంలో, గోల్ ఇచ్చేశాం. ఇది తప్పే, దీన్ని నేను వెనకేసుకురాను. రెండో సగం మొదటి అయిదు నిమిషాలు ఎలా కాచుకోవాలో స్కూలు జట్టుకు కూడా చెబుతాం. వచ్చే మార్చిలో ఆసియా కప్ ఆడేందుకు ఆస్ట్రేలియా వెళ్లాక జపాన్ లాంటి జట్టు అలాంటి ఏమరుపాటును ఒక్క గోల్‌తో వదిలిపెట్టదు. కోచ్ క్రిస్పిన్ ఛెత్రి ఆ నిమిషాన్ని జట్టుకు మళ్లీ మళ్లీ చూపించాలి.

కానీ నేను మెచ్చుకునేది ఆ తర్వాతి 27 నిమిషాలను. స్కోరు సమమయ్యాక మన జట్లు ఏం చేస్తాయో ఏళ్ల తరబడి చూస్తున్నాం. తలలు వాలిపోతాయి, బంతి దొరికితే చాలు, ఎటైనా సరే దూరంగా తన్నేస్తారు. ఈసారి అలా జరగలేదు. 74వ నిమిషంలో అదే సంగీత తలతో రెండో గోల్ చేసింది. మొదటి గోల్‌కు అంత దూరంలో ఉన్న మిడ్‌ఫీల్డర్ రెండో గోల్‌కు గోలు ముందుకు ఎలా వచ్చింది? పరుగెత్తి వచ్చింది. గంటకు పైగా ఆడిన కాళ్లతో, బంతి తన దాకా వస్తుందో రాదో తెలియకుండా, వస్తే తానక్కడ ఉండాలని వచ్చింది. దీన్ని అదృష్టం అని రాసిన మీ విలేకరిని ఒక్కసారి ఆ గోల్ చూడమనండి. మిగిలిన సమయమంతా గోల్‌కీపర్ పంథోయ్ చాను, ఆమె ముందున్న డిఫెన్సు కలిసి ఇంకో గోల్ పడనివ్వలేదు. నాలుగు మ్యాచ్‌ల్లో 24 కొట్టి, ఒక్కటే ఇచ్చారు. అర్హత పోటీలు ఆడి, గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మన మహిళల జట్టుకు ఇదే మొదటిసారి.

ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన సౌమ్య గుగులోత్ ఉంది. ఈ ఏడాది జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. తెలుగు పత్రికలో ఆమె పేరు కూడా రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

వీళ్లకు ఇంతకు ముందు జరిగిన అన్యాయాలు తెలిస్తే ఈ గెలుపు బరువు తెలుస్తుంది. 2022 జనవరిలో ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. జట్టు శిబిరంలో కరోనా వ్యాపించి, రెండో మ్యాచ్‌కు కావలసిన 13 మంది ఆటగాళ్లను కూడా సమకూర్చలేక సొంత గడ్డపైనే టోర్నీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మన సమాఖ్య పాలన వ్యవహారాల వల్ల ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన దేశాన్ని నిషేధించింది. అప్పటికే ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ చేరుకున్న గోకులం కేరళ క్లబ్ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీ ఆడకుండానే తిరిగి వచ్చారు. కుర్చీల కోసం కొట్లాడుకున్నది పెద్దలు, విమానం దిగి హోటల్ గదిలో కూర్చుండిపోయింది ఆటగాళ్లు. ఆ నిషేధం పదకొండు రోజుల్లో ఎత్తేశారు. ఆ అమ్మాయిలు పోగొట్టుకున్న టోర్నీ మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు జట్టుకు 50 వేల డాలర్ల బహుమతి ప్రకటించారు. సంతోషం. కానీ మొన్నటి మహిళల లీగ్‌లో ఉన్నవి 8 జట్లు. ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు, జనవరిలో మొదలై ఏప్రిల్‌లో అయిపోయింది. మిగతా నెలల్లో ఒక క్లబ్ క్రీడాకారిణి ఏ ఆట ఆడి నైపుణ్యం నిలుపుకోవాలి? ఆసియా కప్‌లో సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లూ నేరుగా 2027 బ్రెజిల్ ప్రపంచకప్‌కు వెళ్తాయి. చేతిలో ఉన్నది ఏడున్నర నెలలు. మనకన్నా బలమైన జట్లతో కనీసం నెలకో మ్యాచ్ పెట్టించమని పత్రికలు గట్టిగా అడగాలి. అడగకపోతే ఫిబ్రవరిలో హడావిడిగా ఒక శిబిరం పెట్టి పంపేస్తారు.

మా ఊళ్లోనూ సాయంత్రాలు ఆరుగురు అమ్మాయిలు నా దగ్గర ఆడతారు. గ్రౌండులో సగం ఎండాకాలంలో ఎగ్జిబిషన్‌కు ఇచ్చారు. గుంజలు పాతిన గుంతలు ఇప్పటికీ పూడ్చలేదు, వాన పడితే ఎక్కడ ఏ గుంత ఉందో కనిపించదు. అధికారులకు మూడు అర్జీలు ఇచ్చాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఆ అమ్మాయిల్లో ఒక పిల్ల కుడి బూటు ముందు భాగం నోరు తెరిస్తే పురికొసతో మూడు చుట్లు చుట్టుకుంది. పరుగెత్తితే ముడి పైకి జారుతుంది, ఆగి వేలితో కిందికి తోసుకుని మళ్లీ పరుగెత్తుతుంది.

ఆ సోమవారం మీ పత్రిక గ్రౌండుకు తీసుకెళ్లాను. పిల్లలు చుట్టూ చేరి పేజీ అంతా వెతికి, "సంగీత అక్క ఫొటో ఏది సార్?" అన్నారు. లేదన్నాను. "రెండో గోల్ ఎలా కొట్టింది సార్?" అని బూటుకు తాడు కట్టుకున్న పిల్ల అడిగింది. పత్రికలో అదీ లేదు. నేనే బంతి పట్టుకుని గోలు ముందు నిలబడి, ఎక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాలో చూపించాను. చీకటి పడేదాకా ఆ పరుగే చేయించమన్నారు.

ఈ నెల 29న సిడ్నీలో ఆసియా కప్ డ్రా తీస్తారు. మన గ్రూపులో ఎవరెవరున్నారో 30న మీ పేజీలో, ఫొటోతో, ఆట తెలిసిన వాళ్ల చేత రాయించి వేయండి. ఆ రోజు కూడా పత్రిక గ్రౌండుకు తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు