ఓటు తీసేసే ముందు తలుపు తట్టండి

సంపాదకులకు నమస్కారం.

2018 డిసెంబర్ 7న, తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు, నేనూ మా ఆవిడా పొద్దున్నే బూత్‌కి వెళ్లాం. అరగంట లైన్లో నిలబడి లోపలికి వెళితే జాబితాలో నా పేరు ఉంది, ఆమె పేరు లేదు. అక్కడి ఉద్యోగి స్కేలు పెట్టి ఒక్కో వరుసా చూశాడు. మళ్లీ మొదటినుంచి చూశాడు. "లేదమ్మా" అన్నాడు. ఆమె చేతిలో ఓటరు కార్డు ఉంది. ఇరవై ఏళ్లకు పైగా అదే ఇంట్లో ఉంటున్నాం. ఇంటికి వచ్చేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రోజు ఓట్లు గల్లంతైనవాళ్లు చాలామంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు లేదని ఆ రోజే చెప్పారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆ ఓటు తిరిగి రాదు కదా. మా ఆవిడ పేరు ఎందుకు తీసేశారో ఈ రోజుకీ మాకు తెలియదు. నోటీసు రాలేదు, ఇంటికి ఎవరూ రాలేదు.

నేను రిటైరైన టీచర్‌ని. బీఎల్ఓ (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) డ్యూటీ కూడా చేశాను కాబట్టి జాబితా పని ఎంత చిక్కో తెలుసు. చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు మారినవాళ్ల పేర్లు తీసేయాల్సిందే. కానీ మన పేర్ల సంగతి చూడండి. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు మారుతుంది. ఆధార్‌లో కొత్త ఇంటిపేరు, ఓటరు కార్డులో పాతది ఉంటుంది. ఒకచోట వెంకటలక్ష్మి, ఇంకోచోట వెంకట లక్ష్మి, మరోచోట వి. లక్ష్మి. హైదరాబాద్ ఇంటి నంబర్లలో అడ్డగీతలు, బైలు, చివర ఒక అక్షరం. ఒకే నంబరు కింద నాలుగు వాటాలు, నాలుగు కుటుంబాలు. తలుపు తడితే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. ఆఫీసులో కూర్చుని రెండు జాబితాలను కంప్యూటర్‌లో జతచేసి చూస్తే మాత్రం ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తుంది, ఇద్దరు ఒక్కరైపోతారు.

2015లో ఓటరు కార్డుకు ఆధార్ జోడించే కార్యక్రమం దేశమంతా మొదలుపెట్టారు. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో ఆ ఆగస్టులోనే దాన్ని ఆపారు. హైదరాబాద్‌లో లక్షల పేర్లు పోయాయని అప్పుడే గొడవ అయింది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం గందరగోళం. పేర్లు తీసేయమంటూ లక్షల ఫారం-7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో ఎవరు పెట్టారో తెలియదని జనం లబోదిబోమన్నారు, పోలీసు కేసులు పెట్టారు. కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లాల్సిన రోజుల్లో అన్ని దొంగ దరఖాస్తులు పెట్టడం ఎవరి తరమయ్యేది?

ఇది ఓటు ఒక్కదానికే పరిమితం కాదు. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కలతో రద్దయ్యాయని కేసు వేస్తే, వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

కంప్యూటర్ వద్దని నేను అనడం లేదు. ఫలానా పేరు మీద అనుమానం ఉందని అది చెప్పవచ్చు. తీసేసే నిర్ణయం మాత్రం ఇంటికి వెళ్లి చూసి, సంతకం పెట్టే మనిషిదే కావాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది, ఇల్లు మారారన్న కారణంతో పేరు తీసేముందు ఆ ఓటరుకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని. చట్టం ఉన్నా అది మా గడప దాకా రాలేదు.

ఇంకో మాట. 2018 నుంచి ఓటర్ల జాబితాలను ఫొటోల్లాంటి పీడీఎఫ్‌లుగా పెడుతున్నారు. ఎవరి పేరు వాళ్లు వెతుక్కోవచ్చు గానీ, బూత్ జాబితా మొత్తాన్ని కంప్యూటర్‌లో వేసి తప్పులు పట్టుకుందామంటే కుదరదు. అధికారుల దగ్గరున్న సాధనం మనకెందుకు ఉండకూడదు? బిహార్‌లో 2025లో ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు లేకపోతే, ఎవరివి తీశారో, ఎందుకు తీశారో బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. కొద్ది రోజుల్లోనే పెట్టారు. అంటే చేయగలరన్నమాట. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి సవరణ తర్వాత, తీసేసిన పేర్లను కారణంతో సహా తెలుగులో రాసి బూత్ గోడకు, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. ఎవరూ కోర్టుకు వెళ్లక ముందే.

మా ఆవిడ పేరు మరుసటి ఏడాది ఫారం-6 పెట్టి మళ్లీ ఎక్కించుకున్నాం. ఆమె ఇప్పటికీ నెలకోసారి ఫోన్‌లో తన పేరు చూసుకుంటుంది, అంత టెన్షన్ పట్టుకుంది. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయనకు స్మార్ట్‌ఫోన్ లేదు. ఆయన పేరు కూడా ఆమే చూసి, "ఉందిలే అన్నా" అని చెప్పి వస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
హైదరాబాద్