ఎగ్మూరు మ్యూజియంలో కలిసిన పెద్దాయనకు

మొన్న మా తెలుగు విని దగ్గరికొచ్చిన పెద్దాయనా, మీ పేరైనా అడగలేదు, ఏమీ అనుకోకండి. కంచు విగ్రహాలు చూసేసి, అమ్మకి మోకాళ్ల నొప్పులని బయల్దేరబోతుంటే "మన అమరావతి శిల్పాలు చూడకుండా పోతారేంటమ్మా" అని వెనక్కి తిప్పారు. ఆ గుండ్రటి ఫలకంలో నాళగిరి ఏనుగు రెండుసార్లు ఉంటుందని, ఒకచోట జనాన్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి, మీరు వేలితో (గాల్లోనే లెండి, తాకకూడదుగా) చూపించకపోతే నాకసలు తెలిసేదే కాదు. 1851లో పెట్టిన మ్యూజియం, చెన్నైలో ఆరేళ్లుగా ఉంటూ నేనిప్పుడా వెళ్లడం! కృష్ణ ఒడ్డు స్తూపం రాళ్లు కొన్ని ఇక్కడ, ఇంకొన్ని లండన్‌లో అన్నప్పుడు అమ్మ మొహం చూడాల్సింది. ఎక్కణ్నుంచో తెచ్చి వేసిన కుర్చీకి కూడా చాలా థాంక్సండీ.