మునగాకు పొడి గురించి శీనుకి ఉత్తరం

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన మెసేజ్ చదివాను. మునగాకు పొడిలో పాలకంటే 17 రెట్లు కాల్షియం ఉందట, పిన్నికి పాలు మానిపించి రోజూ చెంచాడు పొడి ఇస్తే సరిపోతుందా అన్నావు. పాలు మాత్రం మానిపించకురా. పిన్ని మోకాళ్ళ నొప్పుల సంగతి విన్నప్పటి నుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది, అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

ఆ 17 రెట్లు అబద్ధం కాదు. 100 గ్రాముల పొడిని 100 గ్రాముల పాలతో పోల్చారు, చిక్కంతా అక్కడే. పాలలో నూటికి 87 పాళ్ళు నీరే, పొడిలో తడి ఆరిపోయి ఉంటుంది. అంత పొడి ఎవరు తింటారు చెప్పు? చెంచాకి 5 గ్రాములనుకుంటే వచ్చేది 100 మిల్లీగ్రాముల కాల్షియం. 200 మిల్లీలీటర్ల పాలలో దానికి రెట్టింపు పైనే ఉంటుంది.

ఇలాంటివి వచ్చినప్పుడు నేను జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికలు తీసి చూస్తాను. ఆ సంస్థ మీ హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉంది. 2017లో 528 పదార్థాలతో పుస్తకం తెచ్చారు. దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి నమూనాలు తెప్పించి ల్యాబ్‌లో కొలిచిన అంకెలవి. గోంగూర కూడా ఉందిరా అందులో! అమెరికా పట్టికల్లో మన కూరలు వెతుక్కోవడం ఎంత కష్టమో నీకు తెలుసుగా.

అందులో చోళ్ళ దగ్గర, అదే రాగుల దగ్గర, ఆగిపోయాను. 100 గ్రాములకి 364 మిల్లీగ్రాముల కాల్షియం, అదే తెల్ల బియ్యంలో పది కూడా లేదు. మా అమ్మమ్మ పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళేది. మనం ఆ గిన్నె ఎప్పుడు పక్కన పెట్టేశామో! ఇక్కడ హార్బర్‌లో దొరికే నెత్తళ్ళనే చిన్న చేపలు కూడా మంచివే, ముళ్ళతో సహా తింటాం కాబట్టి కాల్షియం బాగా అందుతుంది.

అయితే పట్టిక చెప్పేది పదార్థంలో ఎంత ఉందన్నదే, ఒంటికి ఎంత పడుతుందన్నది వేరే లెక్క. పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోని ఆక్సలేట్లనే పదార్థాలు దాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోస్తే విటమిన్ సి చాలావరకు వాటితోనే పోతుంది.

ముందు పిన్నిని డాక్టర్‌కి చూపించు, విటమిన్ డి పరీక్ష గురించి కూడా అడుగు. అది తిండికంటే ఎండ నుంచే ఎక్కువ వస్తుంది, పిన్ని ఏమో గడప దాటడం మానేసిందన్నావు. రేపు పొద్దున్న రైతుబజారుకి వెళ్తున్నాను, చోడి పిండి రెండు కిలోలు పార్సిల్ చేస్తాను. అంబలి పిన్నికి పుల్లగా ఇష్టమో, మజ్జిగ కలిపితే ఇష్టమో కనుక్కుని రాయి.

నీ,
రాజు