విటమిన్ డి జన్యు పరీక్షకు డబ్బు పోయొద్దు

సంపాదకులకు,

పేగులో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు ఉండే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ జబ్బులు ఉన్నవాళ్ల రక్తంలో విటమిన్ డి తరచూ తక్కువగా ఉంటుంది. దానికి జన్యువులే కారణమేమో, వేలు పోసి జీన్ పరీక్ష చేయించుకోవాలా అని నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పేషెంట్లు అడుగుతున్నారు. వద్దనే మా సమాధానం. ఎందుకో చెప్తాం.

జన్యువుల పాత్ర ఉన్న మాట నిజమే. చర్మంలో డి తయారయ్యే ముడిసరుకును కొలెస్ట్రాల్ వైపు మళ్లించేది డీహెచ్‌సీఆర్7 అనే జన్యువు. కాలేయంలో డిని 25-హైడ్రాక్సీ రూపంలోకి మార్చేది సీవైపీ2ఆర్1. రక్తంలో దాన్ని మోసే ప్రొటీన్‌కు మూలం జీసీ. పని అయ్యాక విరిచేసేది సీవైపీ24ఏ1. 2010లో యూరప్ సంతతికి చెందిన సుమారు 34 వేల మందిని పరిశీలించినప్పుడు ఈ నాలుగూ బయటపడ్డాయి. కానీ మనిషికీ మనిషికీ డి స్థాయిలో ఉండే తేడాలో వీటి వాటా కొద్దిపాటిదే. పైగా జీసీలో మార్పు ఉంటే మోసే ప్రొటీన్ తగ్గి ల్యాబు కొలిచే మొత్తం అంకె పడిపోతుంది. కణాలకు అందే విడి విటమిన్ అంతగా తగ్గకపోవచ్చు. రిపోర్టులో ఏ జన్యువుకు ఎదురుగా ‘రిస్క్’ అని పడినా డాక్టర్ రాసే మోతాదు మారదు. క్రోన్స్‌తో ముడిపడిందని 2001లో తేలిన నాడ్2 జన్యువు సంగతీ అంతే. యూరప్ వాళ్లలో కనిపించే దాని మూడు ముఖ్య మార్పులు మన దేశంలో చాలా అరుదు. అవి లేవని రిపోర్టు వచ్చినంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు.

జన్యు పరీక్షకే ఖర్చు పెట్టాలనుకుంటే అజాథయోప్రిన్ (ఈ జబ్బులో రోగనిరోధక శక్తిని అణిచే మందు) మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 జన్యువు పరీక్ష చేయించుకోండి. ఇందులో మార్పు ఉన్నవారికి మామూలు మోతాదుకే తెల్లకణాలు పడిపోవచ్చు, జుట్టు గుత్తులుగా ఊడవచ్చు. మనవాళ్లలో ఈ మార్పు, ఇదే మందు కోసం చూసే మరో జన్యువు టీపీఎంటీ మార్పుల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇది మోతాదును నిజంగా మార్చే పరీక్ష. అది నార్మల్ వచ్చినా మొదటి నెలల్లో సీబీసీలు (రక్తకణాల లెక్క) మానకూడదు.

విటమిన్ డికి చేయించాల్సింది 25-హైడ్రాక్సీ పరీక్ష. చీటీలో 1,25-డైహైడ్రాక్సీ అని పడితే డబ్బు దండగ. లోపం ఉన్నా అది నార్మల్‌గానో ఎక్కువగానో రావచ్చు. 25-హైడ్రాక్సీ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే లోపమని లెక్క. అదే రోజు ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష కూడా చూడాలి. పేగు మండుతున్నప్పుడు డి అంకె దానంతటదే దిగుతుంది. తక్కువ డి వల్లే ఈ జబ్బు వస్తుందని జన్యువుల ఆధారంగా చేసిన పరిశీలనల్లోనూ రుజువు కాలేదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పాలి. కొన్ని యంత్రాల మీద బయోటిన్ వల్ల డి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

కాల్షియం దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. రక్తంలో కాల్షియం కొంత ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని ఉంటుంది, అది తగ్గితే కాల్షియం అంకె కూడా తగ్గి కనిపిస్తుంది. రిపోర్టులో కాల్షియం 8.0, ఆల్బుమిన్ 2.5 ఉందనుకోండి. ఆల్బుమిన్ మామూలు అంకెగా తీసుకునే 4 లోంచి 2.5 తీసేస్తే 1.5. దాన్ని 0.8తో హెచ్చిస్తే 1.2. అది 8.0కి కలిపితే 9.2, అంటే నార్మల్. రక్త విరేచనాలతో ఆల్బుమిన్ పోయిన మనిషికి ఈ లెక్క వేయకుండా ‘కాల్షియం తగ్గింది’ అని మాత్రలు పెంచేస్తుంటారు. ల్యాబులు కాల్షియం పక్కనే ఆల్బుమిన్ కూడా వేసి, సరిచేసిన అంకె అచ్చువేయాలని కోరుతున్నాం.

ఇక 60 వేల యూనిట్ల పొడి ప్యాకెట్. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు 4,80,000 యూనిట్లు. చీటీ సరిగా చదవక రోజుకొకటి వేసుకుంటే అంత డోసు ఎనిమిది రోజుల్లోనే లోపలికి పోతుంది, ఎనిమిది వారాలకు 33,60,000. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, ఆపైన కిడ్నీ దెబ్బ. పేగు రోగికి వాంతులైతే జబ్బు తిరగబెట్టిందనుకుంటారే తప్ప ప్యాకెట్ మీద ఎవరికీ అనుమానం రాదు. డి కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి ఆపేశాక కూడా నెలల తరబడి వదలదు. మందుల దుకాణంవాళ్లు ప్యాకెట్ మీద వారం పేరు రాసిస్తే చాలా మేలు. ‘ఆదివారం’ అని ఒక్క ముక్క చాలు.

పొడిని ఉత్త చాయ్‌తో, ఖాళీ కడుపున తీసుకోవద్దు. నూనె కూరో, గుడ్డో, నెయ్యి వేసిన పప్పన్నమో తిన్నాక తీసుకోవాలి. క్రోన్స్‌లో చిన్నపేగు చివరి భాగం కోసి తీసేసి ఉంటే పైత్యరసం సరిపడక కొవ్వుతోపాటు డి కూడా విరేచనంలో పోతుంది. అలాంటివారికి మామూలు మోతాదుకు రెండు మూడు రెట్లు అవసరం కావచ్చు, అది డాక్టరే తేల్చాలి. జబ్బు పెద్దపేగుకే పరిమితమైతే ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు. పేగు క్షయ అనే అనుమానంతో ముందు క్షయ మందులు వాడినవాళ్లు మన దగ్గర చాలామంది. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ డిని త్వరగా విరిచేస్తుంది. మోతాదు మార్చాక మళ్లీ పరీక్ష మూడు నెలలకు. పదిహేను రోజులకే చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు.

ఎండ మనకు కొదువ లేదు. కానీ పత్తి ఏరేవాళ్లు నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ కట్టుకునే చేలోకి దిగుతారు. పొద్దుటి లేత ఎండతో డి వస్తుందనేది అపోహ. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా పడే వేళ ఎండలోనే పనికొచ్చే కిరణాలుంటాయి, అవి కిటికీ అద్దం దాటి రావు. అజాథయోప్రిన్ వాడితే ఎండకు చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కాబట్టి, అది వాడేవారు మాత్రం ఎండను నమ్ముకోకుండా మందుతోనే డి సరిచేసుకోవడం మంచిది.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగినవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ వల్ల స్కాన్‌లో వెన్నెముక చిక్కగా కనిపిస్తుంది. స్టెరాయిడ్ వాడిన పేగు రోగికి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో ‘ఎముక బాగుంది’ అని వచ్చినా ఆ ఎముక పెళుసుగా ఉండొచ్చు. నడుం బిగుసుకుపోవడం ఫ్లోరోసిస్‌లోనూ ఉంది, డి లోపంలోనూ ఉంది, పేగు జబ్బుతో వచ్చే వెన్ను వాపులోనూ ఉంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరిగి ఉంటే అది ఎముక నుంచా, కాలేయం నుంచా అన్నది జీజీటీ అనే కాలేయ ఎంజైము పరీక్షతో తేల్చుకోవచ్చు; పారాథైరాయిడ్ హార్మోను, మూత్రంలో ఫ్లోరైడ్ కూడా చూడాలి. హైదరాబాద్ వెళ్లి గ్యాస్ట్రో డాక్టర్‌ను కలిసినప్పుడు ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో అడగకముందే చెప్పండి.

– బయోకెమిస్ట్రీ అధ్యాపకులు, నల్గొండ