మా జీపులో చప్పుళ్ళను పట్టిచ్చిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న పొద్దున తాడ్వాయి దగ్గర ఒక ఊళ్ళో బర్రెను చూడటానికి వెళ్ళాను. జీపు వాకిట్లో ఆపి, దిగి, సంచి తీసుకుని కొట్టం దాకా నడిచినా ఇంట్లోంచి ఎవ్వరూ బయటికి రాలేదు. కాసేపటికి ఆ ఇంటి పెద్దమ్మ నన్ను చూసి ఉలిక్కిపడి "బండేది డాక్టరమ్మా, నడిచొచ్చినవా?" అంది. నాలుగేళ్ళుగా నా బండి ఊరి పొలిమేరలో ఉండగానే కిర్రు కిర్రుమని వాళ్ళకు వినబడేది, అది విని బర్రెను కట్టేసి, బకెట్లో నీళ్ళు, సబ్బు పెట్టి ఉంచేవాళ్ళు. నిన్న ఏమీ వినపడలేదు. ఆ ఒక్క మాటకు నాకెంత సంతోషమైందో చెప్పలేను, అందుకే ఎన్ని పనులున్నా ఇవాళ రాత్రి కూర్చుని ఇది రాస్తున్నా. నెలన్నర పాటు నేను అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా జవాబిచ్చిన వాళ్ళకి, ఫోన్లో చప్పుడు రికార్డు చేసి పంపితే చెవి దగ్గర పెట్టుకుని పదిసార్లు విన్నవాళ్ళకి, బండి కింద వెల్లకిలా పడుకుని మట్టి కళ్ళల్లో పడేసుకున్న వాళ్ళకి, అందరికీ దండాలు.

తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. నేను ములుగు వైపు పశువుల డాక్టర్ని, ఇల్లు హనుమకొండలో. బండి పాత ఫోర్ బై ఫోర్ జీపు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వెనక కమాను కట్టలు (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు), వెనక డోరుకు స్టెప్నీ. పస్రా దాకా హైవే కాబట్టి ఇబ్బంది లేదు, అక్కడి నుంచి లోపలికి దిగితే గూడేలకు పోయే దారులు, వానాకాలంలో వాగులు, ఎండాకాలంలో మోకాలి లోతు దుమ్ము. అలాంటి దారుల్లో తిరిగే బండి చప్పుడు చేయడం మామూలే అని చాలామంది అన్నారు. నేనూ రెండేళ్ళు అదే అనుకున్నా. కానీ నడిరాత్రి ఎక్కడో బర్రె ఈనలేక అవస్థ పడుతోందని ఫోనొస్తే, ఆ అడవిలో ఒక్కదాన్నే పోతున్నప్పుడు వెనక నుంచి ఒక కిర్రు, కింద నుంచి ఒక కీచు, పక్క నుంచి ఒక టకటక వస్తుంటే, అందులో ఏది ఊరికే వచ్చేదో, ఏది బండి ఆగిపోయే ముందు వచ్చేదో తెలియక పడ్డ టెన్షన్ మామూలుది కాదు. అక్కడ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు.

మొదట్లో టౌన్లో ఒక చోట చూపిస్తే, ఎవరూ బండెక్కి ఒక్క రౌండు కూడా తిరగకుండానే షాక్ అబ్జర్బర్లు పోయాయన్నారు. నాలుగూ మార్పించి 14,000 కట్టాను. మూడో రోజుకి అదే కిర్రు. డబ్బులు పోయినందుకు కాదు, విననైనా వినలేదనే నాకు ఎక్కువ బాధ. మేం కూడా పశువును ముట్టుకోకుండా మందు రాయం కదా.

ఆ తర్వాత ములుగు రోడ్డులో మెకానిక్ షెడ్డు నడిపే భాయ్ దగ్గరికి వెళ్ళాను. భాయ్ నిజాయితీగా "చప్పుడు పట్టాలంటే నాకన్నా మంచి చెవులున్న మనిషి ఉన్నడు డాక్టరమ్మా" అని, ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరై ఇప్పుడు ఆత్మకూరులో ఉంటున్న ఒక పెద్దాయన్ని పిలిపించాడు. ఆయన్ని నేను బాబాయ్ అంటాను, పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. వచ్చిన రోజు పానా ముట్టుకోలేదు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనక వైపు తెల్లగా ఉన్న చోట నాతో రాయించాడు. ఏ చప్పుడు ఎంత స్పీడులో వస్తుంది, గుంతలో పడ్డప్పుడా, సాఫు రోడ్డు మీదా, బ్రేకు తొక్కితే ఆగుతుందా, మలుపు తిరిగితే పెరుగుతుందా, పొద్దున చల్లగా ఉన్నప్పుడా, మధ్యాహ్నమా. చివరికి "వాన పడ్డ రోజు వస్తదా బిడ్డా?" అని అడిగాడు. అప్పటిదాకా నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. గుర్తు తెచ్చుకుంటే నిజమే, గట్టి వాన పడ్డ రోజు వెనక కిర్రు ఉండేది కాదు, ఎండ కాసిన రెండు రోజులకు మళ్ళీ మొదలయ్యేది. బాబాయ్ తలూపి "అయితే రబ్బరు" అన్నాడు.

ఇది అందరికీ పనికొచ్చే మాట కాబట్టి వివరంగా చెప్తా. బాబాయ్ లెక్కలో చప్పుళ్ళు రెండే రకాలు. కిర్రుమంటే రెండు వస్తువులు రాసుకుంటున్నట్టు, టక్కుమంటే రెండింటి మధ్య సందు ఉన్నట్టు. ఎండిపోయిన రబ్బరు బుష్, అంటే కమాను చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, ఇనుమును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది, అదే కిర్రు. నీళ్ళు తగిలితే కాసేపు నున్నగా జారుతుంది కాబట్టి నోరు మూస్తుంది. ఇంకో సంగతి, చాసీ, అంటే బండి అడుగు చట్రం, మొత్తం ఇనుమే, చప్పుడు దాంట్లో ఎంత దూరమైనా పోతుంది. నాకు డ్రైవరు సీటు కింద వినబడ్డ కిర్రు నిజానికి వెనక కుడివైపు కమాను చివర్లోది. నేను నాలుగు నెలలుగా సీటు బోల్టులు బిగిస్తూ ఉన్నా!

ఎలా పట్టుకున్నాడంటే, ఇద్దరు పిల్లల్ని వెనక బంపరు మీద నిలబెట్టి ఎగరమన్నాడు. తను కింద పడుకుని, మూతకు చిన్న బెజ్జం పెట్టిన నీళ్ళ సీసాతో ఒక్కో బుష్ మీదా సన్నగా నీళ్ళు వదిలాడు. ఒకటి తడిపి ఆగి వినడం, కిర్రు అలాగే ఉంటే పక్కదానికి పోవడం. అన్నీ ఒకేసారి తడిపితే ఏదో తెలియదు కాబట్టి తొందరపడొద్దన్నాడు. కమాను ముందు వైపు బుష్‌లు తడిపినా ఆగలేదు. వెనక షాకిల్ (కమాను వెనక కొసను చాసీకి కలిపే ఊగే ముక్క) పైవైపు బుష్ మీద నీళ్ళు పడగానే పిల్లలు ఎగురుతూనే ఉన్నారు, చప్పుడు మాత్రం ఆగిపోయింది. షెడ్డులో అందరం ఒక్క క్షణం అలా ఉండిపోయాం. విప్పి చూస్తే ఆ రబ్బరు ఒక పక్క అరిగి కాగితం మందాన ఉంది, లోపలి ఇనుప గొట్టం ఒక వైపు అద్దంలా మెరుస్తోంది. అలా మెరిసే చోటే రాపిడి ఉన్నట్టని, కళ్ళతో వెతికేటప్పుడు తుప్పు కోసం కాదు, ఆ మెరుపు కోసం చూడాలని చెప్పాడు.

రెండు వైపులా బుష్‌లు మార్చారు. బోల్టులు చివరి బిగింపు మాత్రం జాకీ మీద బిగించనివ్వలేదు. బండి దించి, చక్రాలు నేల మీద ఆని, బరువు కమాన్ల మీద పడ్డాకే బిగించమన్నాడు. గాల్లో ఉండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి తొందరగా చిరిగిపోతుందట. ఇంకో తప్పు నాదే, ఎవరో చెప్తే కాలిన ఇంజన్ ఆయిల్ కుంచెతో బుష్‌లన్నిటికీ పూశాను. దాంతో రెండు రోజులు చప్పుడు తగ్గింది గానీ దుమ్మంతా అంటుకుంది, పైగా మామూలు రబ్బరు ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది. రబ్బరుకు పూయాలంటే సిలికాన్ గ్రీజే పూయాలి. సలహా ఇచ్చినాయన మంచి కోరే చెప్పాడు, ఆయనకీ నమస్కారం, కానీ ఎవరూ అలా చేయకండి.

కింద నుంచి వచ్చే కీచు సంగతికొస్తే, నిజంగా భయపడాల్సింది అదేనని తర్వాత తెలిసింది. 20, 30 స్పీడులో పిచ్చుక అరిచినట్టు కీచు కీచుమనేది, స్పీడు పెరిగేకొద్దీ గబగబా వచ్చి ఇంజన్ హోరులో కలిసిపోయేది. బాబాయ్ నన్ను గేరు తీసేసి న్యూట్రల్‌లో దొర్లించమని తను పక్కన నడుస్తూ విన్నాడు. ఇంజన్ నెమ్మదించినా కీచు తగ్గలేదు, బండి నెమ్మదిస్తేనే తగ్గింది. చక్రానికి సుద్దముక్కతో గీత పెట్టి లెక్కపెట్టాడు. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు మూడు నాలుగు సార్లు కీచుమంటోంది. "చక్రంలోదైతే చుట్టుకొక్కసారి రావాలె, ఇది షాఫ్టుది" అన్నాడు. ఇంజన్ బలాన్ని చక్రాల దాకా చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు చక్రం కన్నా అన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది కదా. కింద దూరి చూస్తే షాఫ్టు వెనక కొసన ఉండే క్రాస్ (కీలులాంటిది) కప్పు చుట్టూ పసుపులో కుంకుమ కలిపినట్టు ఎర్రటి పొడి. లోపల సూది బేరింగులకు గ్రీజు అందక అవి అరిగి పొడైపోయాయి. గ్రీజు కొట్టే చిన్న రంధ్రం, నిపుల్, మట్టితో మూసుకుపోయింది, నేను వాగుల్లో దింపిన బండికి మళ్ళీ గ్రీజు కొట్టించిందే లేదు. అది విరిగితే షాఫ్టు ఊడి రోడ్డు మీద పడుతుంది. ఆ ఎర్ర పొడి భాయ్ వేలికి అంటించుకుని నా కళ్ళ ముందు పెట్టినప్పుడు, మొన్న అర్ధరాత్రి పస్రా నుంచి ఒక్కదాన్నే వచ్చిన దారంతా గుర్తొచ్చింది. షాఫ్టు విప్పేముందు భాయ్ రెండు వైపులా పెయింటుతో గుర్తులు పెట్టి, మళ్ళీ అదే వరసలో బిగించాడు, లేకపోతే వణుకు వస్తుందట. భాయ్, ఆ రోజు రాత్రి 10 దాటాక కూడా షట్టర్ వేయకుండా ఉన్నావు, వదినమ్మ ఫోన్ చేస్తూనే ఉంది, నాకన్నీ గుర్తున్నాయి.

బండి ఆగి ఉన్నప్పుడు వచ్చే గలగల తొందరగానే దొరికింది. బాబాయ్ నా మెడలో స్టెతస్కోపు చూసి ఇమ్మన్నాడు, పాతది ఒకటి ఉంటే దాని చివర బిళ్ళ పీకి సన్న ఇనుప చువ్వ దూర్చి, ఇంజన్ నడుస్తుండగా ఒక్కో చోటా ఆనించాడు. సైలెన్సర్ వేడి తగలకుండా ఉండే రేకు ఒక బోల్టు తుప్పుపట్టి ఊగుతోంది. ఒక పెద్ద క్లిప్పుతో బిగించేశారు. స్టెప్నీ బరువుకి వెనక డోరు టక్కుమనేది, డోరు మూసేటప్పుడు సందులో కాగితం పెట్టి లాగితే ఒక మూల వదులుగా వచ్చింది, అక్కడ రబ్బరు బొడిపె కొత్తది వేసి తాళం కొక్కెం కాస్త లోపలికి జరిపారు, అంతే.

మిగిలిన రెండూ బండివి కావు, నా సామానువి. వాటిని పట్టింది మా గోపాలమిత్ర (ఊళ్ళలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కుర్రాడు) తమ్ముడు. కృత్రిమ గర్భధారణకు తీసుకెళ్ళే నైట్రోజన్ కంటైనర్ వెనక సీటు పక్కన పెట్టేదాన్ని, ఎత్తువంపు దారిలో దాని మూత టకటకమనేది. అందులో ద్రవం మైనస్ 196 డిగ్రీల్లో ఉంటుంది, ఆవిరి ఎప్పుడూ బయటికి పోతూ ఉండాలి కాబట్టి ఆ మూత బిగించకూడదు, గుడ్డ కుక్కకూడదు, చప్పుడు పోవాలని ఎవరైనా అలా చేస్తే ప్రమాదం. తమ్ముడు చెక్కపెట్టె చేయించి, లోపల పాత స్కూటర్ టైరు ముక్కలు పరిచి, కంటైనర్ను నిటారుగా నిలబెట్టి బెల్టుతో కట్టాడు. ఇప్పుడు కదలదు. కిటికీ అద్దం మాత్రం కొంచెం దించే ఉంచుతాం, మూసిన బండిలో నైట్రోజన్ నిండితే ఊపిరాడదు.

ఇంకొకటి డ్యాష్‌బోర్డులో టిక్ టిక్. రెండు వారాలు ఏడిపించింది. రేడియో విప్పాం, అరలన్నీ ఖాళీ చేశాం, స్క్రూలన్నీ బిగించాం. ఒకరోజు జాకారం దాటాక గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి తిరిగి బండెక్కాం. తమ్ముడు ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు మీద ఒక్కో చోటా అరచేత్తో నొక్కుతూ, నన్ను మెల్లగా నడపమన్నాడు. ముందద్దం కింద గాలి వచ్చే సందు మీద చేయి పెట్టగానే టిక్ ఆగింది. టార్చి వేసి చూస్తే లోపల పసుపుపచ్చగా ఏదో కనిపించింది. పశువుల చెవికి వేసే 12 అంకెల ట్యాగు, ఎప్పుడో జారి పడిపోయింది. పొడుగు ఫోర్సెప్స్ నా సంచిలోనే ఉంది, దూడ గొంతులోంచి ముల్లు తీసినట్టు మెల్లగా తీశాను. తమ్ముడూ, నీ ఓపికకి నేను రుణపడి ఉన్నా.

ఇంకా చాలామంది ఉన్నారు. రికార్డింగ్ విని "ఇది బ్రేకుది కాదు, మీరు పెడలు తొక్కినప్పుడు ఆగట్లేదు కదా" అని కరీంనగర్ నుంచి చెప్పిన అన్న, బుష్‌లు వరంగల్లో దొరక్కపోతే హైదరాబాద్ నుంచి బస్సులో పంపిన తమ్ముడు, బంపరు మీద ఎగిరి ఎగిరి అలిసిపోయి నేనిచ్చిన డబ్బులతో ఐస్‌క్రీం తిన్న ఆ ఇద్దరు పిల్లలు, అందరికీ థాంక్స్. నాలాంటి దారుల్లో తిరిగేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాగు దాటొచ్చిన ప్రతిసారీ కాకపోయినా నెలకొకసారైనా క్రాస్‌లకు గ్రీజు కొట్టించండి. కీచుమంటే రేపు చూద్దామని వదిలేయకండి.

బాబాయ్, నువ్వు ఎంత బతిమాలినా పైసా తీసుకోలేదు. మీ ఇంట్లో దూడ సరిగా మేయట్లేదని, బొచ్చు బిరుసెక్కిందని పిన్ని భాయ్‌తో అన్నదట, నాకు మాత్రం చెప్పలేదు. ఆదివారం పొద్దున ఆత్మకూరు వస్తున్నా, నట్టల మందు నేనే తెస్తా, హారన్ కొడతా, వాకిట్లోకి రా.